ఐరోపా డిస్కులు, ఐరోపా బ్యాకప్: నిజంగా దొరికేది ఏది, దొరకనిది ఏది?

లైప్‌జిగ్ ఛాయ

సభ్యులందరికీ నమస్కారం. జర్మనీలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, కూచిపూడి ప్రదర్శనలకు ఫోటోలు తీసే చిన్న వ్యాపారం నాది. ప్రస్తుతం నా దగ్గర సుమారు నాలుగు టెరాబైట్ల రా ఫైళ్లు (కెమెరా నుంచి నేరుగా వచ్చే, సవరించని ఫోటో ఫైళ్లు), వాటితోపాటు ఖాతాదారుల చిరునామాలు, ఒప్పందాలు, బిల్లులు ఉన్నాయి. ఇవన్నీ ఇంతవరకు ఒక అమెరికా క్లౌడ్ సేవలోను, బల్ల మీదున్న రెండు హార్డ్ డిస్కుల్లోను భద్రపరుస్తూ వచ్చాను. ఈమధ్య ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఖాతాదారులు "మా పిల్లల ఫోటోలు ఏ దేశంలో ఉంటాయి, ఎవరి చేతిలో ఉంటాయి?" అని అడుగుతున్నారు. అలా అడిగే హక్కు వారికి ఉంది కాబట్టి, వీలైనంతవరకు అన్నింటినీ ఐరోపాలో తయారైన వాటికి, ఐరోపా సంస్థలకు మార్చాలని నిశ్చయించుకున్నాను.

మొదటి అడుగులోనే చిక్కు వచ్చింది. డిస్కును వెనక్కి తిప్పి చూస్తే థాయిలాండ్‌లో తయారైనట్లు ముద్రించి ఉంది. ఐరోపాలో తయారైన హార్డ్ డిస్కుగానీ ఎస్‌ఎస్‌డీగానీ అసలు ఉన్నాయా? బ్యాకప్ సేవల్లో దేన్ని నమ్మవచ్చు? నాది విండోస్ కంప్యూటర్, ఇంటర్నెట్ కనెక్షన్ 250 మెగాబిట్లది, అప్‌లోడ్ 40 మాత్రమే. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాత డిస్కు (ఐండ్‌హోవెన్)

ఛాయ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు. పూర్తిగా ఐరోపాలోనే తయారైన హార్డ్ డిస్కు ఇవాళ మార్కెట్లో లేదు. ప్రపంచం మొత్తం మీద హార్డ్ డిస్కులు తయారుచేసే సంస్థలు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. వీటిలో సీగేట్ కాగితాల మీద డబ్లిన్‌లో నమోదైన ఐర్లండ్ కంపెనీయే అయినా దాన్ని నడిపించేది ఐర్లండ్ నుంచి కాదు, డిస్కులను బిగించేది ఆసియాలో. అయితే ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరంలో, స్ప్రింగ్‌టౌన్ అనే చోట, ఆ సంస్థకు పెద్ద కర్మాగారం ఉంది. డిస్కు మీద అక్షరాలను చదివే, రాసే హెడ్‌ల వేఫర్లు (హెడ్‌లను కోసి తీసే పలుచని పలకలు) అక్కడ తయారవుతాయి. మీది సీగేట్ డిస్కు అయితే, థాయిలాండ్ ముద్ర ఉన్న ఆ పెట్టెలో అన్నిటికంటే సున్నితమైన భాగం ఐరోపా నేల మీద పుట్టి ఉండవచ్చు.

ఫోటోగ్రాఫర్లు ఇష్టంగా కొనే నారింజ రంగు రబ్బరు అంచు డిస్కు గురించి కూడా చెప్పాలి. లాసీ ఫ్రెంచి కంపెనీ కదా అని చాలామంది అనుకుంటారు. 2012లో దాన్ని సీగేట్ కొన్నది. లోపల ఉండేది సీగేట్ డిస్కే.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఆధునిక హార్డ్ డిస్కుకు ప్రాణం పోసిన భౌతికశాస్త్ర ఆవిష్కరణ ఐరోపాదే. అత్యంత పలుచని లోహపు పొరల్లో, అయస్కాంత క్షేత్రం కొద్దిగా మారినా విద్యుత్ నిరోధం ఎంతో ఎక్కువగా మారుతుందని 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బేర్ ఫేర్, జర్మనీలోని యూలిష్ పరిశోధనాలయంలో పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనుగొన్నారు. ఆ సూత్రంతో పనిచేసే హెడ్‌లు వచ్చాకే డిస్కుల సామర్థ్యం గిగాబైట్ల నుంచి వందల గిగాబైట్లకు పెరిగింది. 2007లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. విజ్ఞానం ఇక్కడ పుట్టింది, పరిశ్రమ మాత్రం వేరేచోట స్థిరపడింది.

ఎస్‌ఎస్‌డీల సంగతి ఇంకా కఠినం. వాటిలో డేటాను దాచే ఫ్లాష్ చిప్పులు చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా, శాన్‌డిస్క్, మైక్రాన్, చైనాకు చెందిన వైఎమ్‌టీసీ. ఆ స్థాయిలో ఐరోపాలో ఒక్క కర్మాగారమూ లేదు. మా ఊరి పక్కనే ఉన్న వెల్డ్‌హోవెన్‌లో ఏఎస్‌ఎంఎల్ తయారుచేసే యంత్రాలు లేకుండా శాంసంగ్ వంటి సంస్థల చిప్పుల కర్మాగారాలు నడవవు, అయినా మెమరీ చిప్పులు మాత్రం బయటినుంచే రావాలి. డ్రెస్డెన్‌లో కర్మాగారం ఉన్న కిమోండా అనే జర్మన్ మెమరీ కంపెనీ 2009 జనవరిలో దివాలా పిటిషన్ వేసిన తర్వాత ఆ స్థానాన్ని ఎవరూ భర్తీ చేయలేదు.

విస్తులా తీరం

పాత డిస్కు గారు చెప్పినది నిజమే, కానీ ఒక మెట్టు కిందికి దిగితే ఐరోపా పేర్లు కనిపిస్తాయి. దక్షిణ పోలండ్‌లోని విల్క్ ఎలెక్ట్రోనిక్ సంస్థ గుడ్‌రామ్ పేరుతో ర్యామ్, పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు అమ్ముతుంది. చిప్పులు ఆసియా నుంచే వస్తాయి, కానీ బోర్డు మీద అమర్చడం, పరీక్షించడం, వారంటీ చూడడం పోలండ్‌లో జరుగుతాయి. స్విట్జర్లండ్‌కు చెందిన స్విస్‌బిట్‌కు బెర్లిన్‌లో కర్మాగారం ఉంది. ఫ్లాష్ చిప్పులను నడిపే కంట్రోలర్లు రూపొందించే కాన్‌స్టాన్స్ నగరపు హైపర్‌స్టోన్ సంస్థ కూడా ఇప్పుడు స్విస్‌బిట్ చేతిలోనే ఉంది. అయితే స్విస్‌బిట్ సరుకు ప్రధానంగా కర్మాగారాలకు, రైల్వేలకు, వైద్య పరికరాలకు ఉద్దేశించినది కాబట్టి ధర ఎక్కువ, సామర్థ్యం తక్కువ. నాలుగు టెరాబైట్ల పెళ్లి ఫోటోలకు అది తగిన దారి కాదు. కెమెరా నుంచి ఫైళ్లు దించుకునే పని డిస్కుగా గుడ్‌రామ్ ఎస్‌ఎస్‌డీని నేను వాడుతున్నాను, తృప్తిగానే ఉంది.

నిక్కచ్చి

అందరి శ్రమనూ గౌరవిస్తూనే ఒక ప్రశ్న అడుగుతున్నాను. డిస్కు థాయిలాండ్‌ది, చిప్పు కొరియాది, ప్రాసెసర్ అమెరికాది అయినప్పుడు, పైన అద్దె తీసుకునే కంపెనీ మాత్రం జర్మనీది అయితే ఒరిగేదేమిటి? పేరు మార్చినంత మాత్రాన పరాధీనత పోతుందా? ఖాతాదారుకు "మీ ఫోటోలు ఐరోపా వ్యవస్థలో ఉన్నాయి" అని చెప్పడం వారిని తప్పుదోవ పట్టించడం కాదా?

చట్టపు చూపు (ఫ్రాంక్‌ఫర్ట్)

నిక్కచ్చి గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు. ఇక్కడ రెండు వేర్వేరు పరాధీనతలు కలిసిపోతున్నాయి. డిస్కును ఎవరు తయారుచేశారన్నది సరఫరాకు సంబంధించిన విషయం: ఎగుమతులు ఆగిపోతే కొత్త డిస్కు దొరకదు. కానీ మీరు కొని తెచ్చుకున్న డిస్కు, కర్మాగారం ఉన్న దేశపు న్యాయస్థానం చెప్పిందని మీ ఫైళ్లను ఎవరికీ అప్పగించదు. సేవ నడిపే సంస్థ మాత్రం తన దేశపు చట్టానికి ప్రతిరోజూ కట్టుబడి ఉంటుంది.

2018 మార్చిలో అమెరికా చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అక్కడి న్యాయపరిధిలోకి వచ్చే సంస్థ తన అధీనంలో ఉన్న డేటాను, అది ప్రపంచంలో ఏ మూలన నిల్వ ఉన్నా సరే, చట్టబద్ధమైన ఆదేశం వస్తే ఇవ్వవలసిందే. అంటే అమెరికా సంస్థ తన సర్వర్‌ను ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెట్టినంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదు. 2025 జూన్‌లో ఫ్రెంచి సెనేట్ విచారణలో ప్రమాణం చేసి మాట్లాడిన మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ న్యాయవిభాగం అధిపతి, ఫ్రెంచి అధికారుల అనుమతి లేకుండా డేటా ఎన్నటికీ అమెరికాకు వెళ్లదని హామీ ఇవ్వలేనని ఒప్పుకున్నారు. ఐరోపా, అమెరికాల మధ్య డేటా బదిలీ ఒప్పందాల చరిత్ర కూడా నిలకడగా లేదు. ప్రైవసీ షీల్డ్ ఒప్పందాన్ని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2020 జూలై 16న కొట్టివేసింది, దాని స్థానంలో కొత్త ఏర్పాటు 2023 జూలైలో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో చిన్న వ్యాపారులు ఏం చేయాలో తెలియక పడిన ఇబ్బంది నేను దగ్గరుండి చూశాను.

కాబట్టి ఛాయ గారు ఖాతాదారులకు చెప్పవలసిన మాట "అంతా ఐరోపాలో తయారైంది" అని కాదు. ఫలానా దేశపు చట్టం కింద పనిచేసే ఫలానా సంస్థ దగ్గర, తాళం నా చేతిలో ఉండేలా భద్రపరిచానని చెప్పాలి. అందులో అసత్యం ఏమీ లేదు.

సంస్థను ఎంచుకున్నాక దానితో ఐరోపా డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 28వ అధికరణం ప్రకారం డేటా ప్రాసెసింగ్ ఒప్పందం (మీ తరఫున డేటాను ఎలా నిర్వహించాలో చెప్పేది) తప్పకుండా చేసుకోండి. పేరున్న జర్మన్ సంస్థలు ఖాతా పేజీలోనే ఇది పూర్తిచేసుకునే వీలు కల్పిస్తాయి. స్విట్జర్లండ్ ఐరోపా సమాఖ్యలో లేకపోయినా దానికి తగిన రక్షణ ఉన్న దేశంగా గుర్తింపు ఉంది; నార్వేలో కూడా జీడీపీఆర్ అమల్లో ఉంది. ఈ రెండు దేశాల సేవలూ మీకు పనికివస్తాయి.

గోదారి గట్టు (వియన్నా)

సర్వర్ల నిర్వహణ నా వృత్తి కాబట్టి ఆచరణలో పనికివచ్చే సంగతులు చెబుతాను. మీ అవసరానికి రోజూ వాడుకునే క్లౌడ్ ఫోల్డర్ వేరు, బ్యాకప్ వేరు. ఫోల్డర్‌ను సింక్ చేసే సేవ, మీరు ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా విధేయంగా చెరుపుతుంది. డబ్బు గుంజడానికి వచ్చే హానికర ప్రోగ్రామ్ ర్యాన్సమ్‌వేర్ ఇక్కడ ఫైళ్లకు తాళం వేస్తే, ఆ పాడైన ఫైళ్లనే అక్కడికి పంపుతుంది. పాత ప్రతులను కొంతకాలం దాచే సేవలు లేకపోలేదు, కానీ దాన్నే బ్యాకప్‌గా నమ్ముకోకూడదు.

ఖాతాదారులకు ఆల్బములు పంపడానికి నెక్స్ట్‌క్లౌడ్ వాడండి. ఇది స్టుట్‌గార్ట్ సంస్థది, ఓపెన్ సోర్స్, 2016లో ఓన్‌క్లౌడ్ అనే పాత ప్రాజెక్టు నుంచి విడివడింది. సొంతంగా సర్వర్ నడపలేనివారికి దీన్ని అద్దెకు ఇచ్చే ఐరోపా సంస్థలు చాలా ఉన్నాయి. చివరినుంచి చివరిదాకా ఎన్‌క్రిప్షన్ (మీ తాళం లేనివారు చదవలేకుండా డేటాను మార్చడం) కావాలంటే జెనీవాకు చెందిన ప్రోటాన్ డ్రైవ్, జర్మనీకి చెందిన ఫైలెన్, 2021 నుంచి స్విస్ తపాలా సంస్థ యాజమాన్యంలో ఉన్న ట్రెసోరిట్ ఉన్నాయి.

అసలు బ్యాకప్‌కు నా సలహా హెట్జ్‌నర్ వారి స్టోరేజ్ బాక్స్. ఇది బవేరియాలోని గుంజెన్‌హౌజెన్ సంస్థ. డేటా సెంటర్లు న్యూరెంబర్గ్‌లో, సాక్సనీలోని ఫాల్కెన్‌స్టైన్‌లో, ఫిన్లండ్‌లో ఉన్నాయి. అక్కడ మీకు దొరికేది ఒక ఖాళీ స్థలం మాత్రమే. అందులోకి ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్, బోర్గ్ వంటి పద్ధతుల్లో ఫైళ్లు పంపుకోవచ్చు, ముందుగా ఎన్‌క్రిప్ట్ చేసే బాధ్యత మీది. లినక్స్ వాడేవారికి బోర్గ్ మంచిది. మీది విండోస్ కాబట్టి రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోండి. దీని అభివృద్ధి కూడా జర్మనీలోనే మొదలైంది. ఇది ప్రతి ఫైలునూ ముక్కలుగా కోసి, మీ కంప్యూటర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి, ఇంతకుముందు పంపని ముక్కలను మాత్రమే పంపుతుంది. రా ఫైళ్లు కుదించినా పెద్దగా తగ్గవు. కానీ మీరు ఒక పెళ్లి ఫోల్డర్ పేరు మార్చి వేరే సంవత్సరం కిందికి జరిపితే ఆ వందల గిగాబైట్లు మళ్లీ ఎక్కవు. అలాగే ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ కేటలాగ్‌లో మారిన భాగమే వెళుతుంది. మీ కనెక్షన్‌కు ఇది ఎంతో ముఖ్యం.

లెక్క కూడా ముందే తెలుసుకోండి. 40 మెగాబిట్ల వేగంతో నాలుగు టెరాబైట్లు ఎక్కడానికి, రాత్రీపగలూ ఆగకుండా నడిచినా, తొమ్మిది రోజులు దాటుతుంది. అందుకని ముందుగా ఒప్పందాలు, బిల్లులు, ఈ ఏడాది ఫోటోలు ఎక్కించి, పాతవి రాత్రిపూట వేగ పరిమితి పెట్టి పంపండి. మధ్యలో ఆగినా ఎక్కిన ముక్కలు వృథా కావు.

నల్లమల (హైదరాబాద్)

ఛాయ గారి ప్రశ్నకు అనుబంధంగా అడుగుతున్నాను. మాలాగా హైదరాబాద్‌లో ఉండేవారు ఈ ఐరోపా సేవలు వాడితే వేగం మందగించదా? ఛాయ గారు కూడా ఒక ప్రతిని ఆంధ్రాలోని తల్లిదండ్రుల ఇంట్లో ఉంచితే సరిపోతుంది కదా. ఖండం దాటిన ప్రతి కంటే భద్రమైనది ఏముంటుంది?

గోదారి గట్టు (వియన్నా)

నల్లమల గారూ, రాత్రిపూట తనంతట తాను నడిచే బ్యాకప్‌కు దూరం వల్ల వచ్చే జాప్యం పెద్ద అడ్డంకి కాదు. ఎన్నో ముక్కలను ఒకేసారి సమాంతరంగా పంపితే హైదరాబాద్ నుంచి కూడా పని జరుగుతుంది. అద్దె యూరోల్లో కట్టాలి కాబట్టి మారకపు రేటు చూసుకోండి. రెండో విషయం చట్టపు చూపు గారే చెప్పాలి.

చట్టపు చూపు (ఫ్రాంక్‌ఫర్ట్)

సొంత కుటుంబ ఫోటోలైతే ఏ అభ్యంతరమూ లేదు, పూర్తిగా వ్యక్తిగత, గృహ అవసరాలకు జీడీపీఆర్ వర్తించదు. నా పిల్లల ఫోటోల ప్రతి గుంటూరులో మా అమ్మ బీరువాలోనే ఉంది. కానీ ఖాతాదారుల ఫోటోలు వ్యాపారానికి సంబంధించిన వ్యక్తిగత డేటా. తగిన రక్షణ ఉన్న దేశంగా భారతదేశానికి ఐరోపా సమాఖ్య గుర్తింపు లేదు, కాబట్టి అక్కడికి పంపాలంటే అదనపు చట్టపరమైన ఏర్పాట్లు చేసుకోవాలి. ఎన్‌క్రిప్ట్ చేస్తే అది వ్యక్తిగత డేటా కాకుండా పోతుందన్న వాదనను నేను నమ్ముకోను. జర్మనీలోనే వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లోనో, బ్యాంకు లాకరులోనో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు ఉంచితే ఈ చర్చే అవసరం లేదు.

శ్రావణ మేఘం (స్ట్రాస్‌బర్గ్)

ఐరోపా అన్న మాట ఒక్కటే భద్రతను ఇవ్వదని మా ఊరివాళ్లకు బాగా తెలుసు. 2021 మార్చి 10 తెల్లవారుజామున రైన్ నది ఒడ్డున ఉన్న ఓవీహెచ్ డేటా సెంటర్లలో మంటలు చెలరేగాయి. ఎస్‌బీజీ2 అనే భవనం పూర్తిగా కాలిపోయింది, పక్కనున్న ఎస్‌బీజీ1 కొంత దెబ్బతిన్నది. ఓవీహెచ్ ఐరోపా క్లౌడ్ సంస్థల్లో అతి పెద్దవాటిలో ఒకటి. సర్వర్ ఎక్కడుందో బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవారు రెండూ కోల్పోయారు. నష్టపోయిన ఖాతాదారులు కోర్టుకు వెళ్లారు, 2023లో కొందరికి అనుకూలంగా తీర్పులూ వచ్చాయి. పరిహారం వచ్చినా ఫైళ్లు మాత్రం తిరిగి రావు.

అందువల్ల స్టోరేజ్ బాక్స్ ఒక్కటే ఉంటే చాలదని నా అభిప్రాయం. అందులోని డేటా ఒకే చోట ఉంటుంది, దాన్ని ఆ సంస్థ వేరే నగరానికి తనంతట తాను కాపీ చేయదు. నెక్స్ట్‌క్లౌడ్‌ను కూడా అక్కడే అద్దెకు తీసుకునేవారైతే రెండింటినీ వేర్వేరు నగరాల్లో ఎంచుకోండి. మరీ విలువైన ఒప్పందాలు, ఎంపిక చేసిన తుది ఫోటోలు రెండో సంస్థ దగ్గర ఉండాలి. నేను జెనీవాలోని ఇన్ఫోమానియాక్ వాడుతున్నాను. వారు డేటాను స్విట్జర్లండ్‌లోనే ఉంచుతారు.

నిక్కచ్చి

చట్టపు చూపు గారి వివరణతో సరఫరాకు, అధికారానికి ఉన్న తేడా స్పష్టమైంది, దాన్ని అంగీకరిస్తున్నాను. అయితే హెట్జ్‌నర్‌కు అమెరికాలోని ఆష్‌బర్న్, హిల్స్‌బరోల్లో కూడా సర్వర్లు ఉన్నాయి, ఓవీహెచ్‌కు అక్కడ అనుబంధ సంస్థ ఉంది. రేపు ఆ దారిన ఒత్తిడి రాదన్న నమ్మకం ఏమిటి?

చట్టపు చూపు (ఫ్రాంక్‌ఫర్ట్)

ఆ ప్రమాదం సున్నా అని నేనూ చెప్పను. జర్మనీలోని మాతృసంస్థను కదిలించడం అమెరికా సంస్థను కదిలించడం కంటే ఎంతో కష్టం, అంతవరకే. మిగిలినది ఎన్‌క్రిప్షన్ చేయాలి. రెస్టిక్ పాస్‌వర్డ్ ఛాయ గారి దగ్గరే ఉంటే, ఆదేశం అందుకున్న సంస్థ అప్పగించగలిగేది అర్థంకాని ముక్కలనే. ఆ పాస్‌వర్డ్ పోతే ఛాయ గారికీ అంతే కాబట్టి, దాన్ని కాగితం మీద రాసి రెండు చోట్ల భద్రపరచండి. మీకు ఏదైనా జరిగితే ఆల్బములు అందించవలసిన వ్యక్తికి ఆ కాగితం ఎక్కడుందో తెలిసి ఉండాలి.

పాత డిస్కు (ఐండ్‌హోవెన్)

ఇంట్లో ఉండే ప్రతి గురించి ఎవరూ చెప్పలేదు. సినాలజీ, క్యూనాప్ నాస్ పెట్టెలు (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కు పెట్టెలు) తైవాన్‌వి. వాటి బదులు పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ వేసుకోవచ్చు. డెబియన్ లినక్స్ మీద నిర్మించిన ఈ ఉచిత వ్యవస్థ జర్మనీలో పుట్టింది. డిస్కులు రెండు వేర్వేరు తయారీదారులవి కొనండి. ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి వచ్చిన జంట డిస్కులు ఒకే కాలంలో పాడయ్యే అవకాశం ఎక్కువ. డిస్కు తయారీ ఐరోపాకు మళ్లీ వస్తుందా అంటే, పళ్లెం తిరిగే రూపంలో రాదనే నా అంచనా. మ్యూనిక్‌కు చెందిన సెరాబైట్ అనే అంకుర సంస్థ గాజు పలకపై పలుచని సిరామిక్ పూత వేసి, లేజర్‌తో సూక్ష్మరంధ్రాలు చేసి డేటా రాసే పద్ధతిని అభివృద్ధి చేస్తోంది. 2025లో అందులో వెస్టర్న్ డిజిటల్ పెట్టుబడి పెట్టింది. అది పెద్ద ఆర్కైవుల కోసం ఉద్దేశించినది, మన బల్లల మీదికి ఇప్పట్లో రాదు. అయినా దాన్ని నేను ఆశతో గమనిస్తున్నాను.

లైప్‌జిగ్ ఛాయ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఐదు టెరాబైట్ల స్టోరేజ్ బాక్స్‌ను ఫిన్లండ్‌లో తీసుకున్నాను, డేటా ప్రాసెసింగ్ ఒప్పందం కూడా పూర్తయింది. ఒప్పందాలు, ఈ ఏడాది ఫోటోలు ఎక్కాయి, పాతవి రాత్రిపూట వెళుతున్నాయి. ఒక నిశ్చితార్థం ఫోల్డర్‌ను ఖాళీ డిస్కులోకి వెనక్కి తెచ్చుకుని, లైట్‌రూమ్‌లో తెరిచి, అసలు ఫైళ్ల చెక్‌సమ్‌లతో (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్యలతో) పోల్చి చూశాను. అన్నీ సరిపోయాయి. రెండో సంస్థగా ఇన్ఫోమానియాక్‌ను పరిశీలిస్తున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. నా కంప్యూటర్‌లోకే ఎవరైనా చొరబడితే, అక్కడున్న లాగిన్‌తో దూరపు బ్యాకప్‌ను కూడా చెరిపేయగలరు కదా? అలాగే ఒక ఖాతాదారు తన ఫోటోలన్నీ తొలగించమని అడిగితే, పాత బ్యాకప్‌ల లోపల ఉన్న వాటిని ఏం చేయాలి?

గోదారి గట్టు (వియన్నా)

ఫోల్డర్‌ను వెనక్కి తెచ్చి చూడడం చాలా మంచి పని చేశారు. మొదటి సందేహానికి, స్టోరేజ్ బాక్స్‌లో స్నాప్‌షాట్లను (ఆ క్షణంలో ఉన్న స్థితి ప్రతులను) తనంతట తాను తీసే ఏర్పాటు ఆన్ చేయండి. వాటిని చెరపాలంటే హెట్జ్‌నర్ నిర్వహణ ఖాతాలోకి వెళ్లాలి, మీ కంప్యూటర్‌లోని ఎస్‌ఎఫ్‌టీపీ లాగిన్ సరిపోదు. ఆ నిర్వహణ ఖాతాకు వేరే పాస్‌వర్డ్, రెండంచెల ధృవీకరణ పెట్టండి. దాన్ని బ్యాకప్ నడిచే కంప్యూటర్‌లో భద్రపరచవద్దు. స్నాప్‌షాట్లు కూడా మీ ఐదు టెరాబైట్లలోంచే స్థలం తీసుకుంటాయని గుర్తుంచుకోండి.

రెండోదానికి రెస్టిక్‌లో రీరైట్ అనే ఆదేశం ఉంది. ఫలానా ఫోల్డర్‌ను మినహాయించి పాత బ్యాకప్‌లను తిరిగి రాయమని, అసలువాటిని మరచిపొమ్మని చెప్పి, తర్వాత ప్రూన్ అనే ఆదేశం నడిపితే ఎవరికీ అవసరంలేని ముక్కలు తొలగిపోతాయి. అయితే స్టోరేజ్ బాక్స్ స్నాప్‌షాట్ల గడువు తీరేవరకు అవి వాటిలో ఉంటాయి.

చట్టపు చూపు (ఫ్రాంక్‌ఫర్ట్)

ఆ గడువును నెల రోజులకు మించి పెట్టకండి. తొలగింపు కోరిన ఖాతాదారుకు రాసే జవాబులో, అసలు ఫైళ్లు తొలగించామని, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ ప్రతులు ఫలానా తేదీలోగా పోతాయని, ఈలోగా వాటిని వాడబోమని స్పష్టంగా తెలియజేయండి. బిల్లులను మాత్రం పన్ను చట్టం కోరినంతకాలం ఉంచవలసిందే, వాటికి ఈ తొలగింపు వర్తించదు. అందుకే బిల్లులను, ఫోటోలను ఇప్పుడే రెండు వేర్వేరు రెస్టిక్ రిపాజిటరీలుగా (బ్యాకప్ నిల్వలుగా) విడదీయండి. పాత ఫోటోలు ఇంకా ఎక్కుతున్నాయి కాబట్టి ఈ దశలో అది తేలిక.